స్టీరింగు లేని వైపు

ఈ కారు ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో నాకు తెలియడం లేదు. చల్లగాలి వస్తోంది కాబట్టి ఆన్‌లో ఉన్నట్టే అనుకోవాలి, కానీ చప్పుడు లేదు, వణుకు లేదు, పాదాల కింద ఆ పాత గరగర లేదు. గాఢనిద్రలో ఉన్న మనిషి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసినట్టు, ఇందాక గాలి వచ్చే జాలీ దగ్గర వేలు పెట్టి చూశాను. ఊపిరి తీస్తోంది. బయట, ముందు చక్రం పైనున్న చిన్న తలుపులోకి లావుపాటి నల్ల తీగ ఒకటి దూరి ఉంది. దాని రెండో కొస బీరువా అంత పెట్టెలోకి పోయింది. సెలైన్ ఎక్కించుకుంటున్న రోగిలా బండి, పక్కన కాపలా కూర్చున్న బంధువులా నేను. మా ఆయన దిగి వెళ్లి ఎంతోసేపు కాలేదు. "గంటలో నిండుతుందట. ఈలోపు ఎదురు బిల్డింగులో పని చూసుకొస్తా, లిఫ్టు రెండంతస్తుల మధ్య నిలబడిపోయిందంట. లోపల ఎవరూ లేర్లే. తాళం కార్డు ఇక్కడే ఉంచుతున్నా, తీస్తే ఏసీ ఆగిపోద్ది. నువ్వు హాయిగా కూర్చో. ఏమీ ముట్టుకోకు," అన్నారు. హాయిగా కూర్చో, ఏమీ ముట్టుకోకు. ఈ రెండు మాటలూ ఆయన నోట విడివిడిగా నేనెన్నడూ వినలేదు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని రోడ్డు దాటుతుంటే వెనక నుంచి చూశాను. పెళ్లివారింటికి పోతున్నంత హుషారుగా ఉంది నడక. ఆగిపోయిన లిఫ్టు దొరికితే ఆయనకి అంతే.

ఈ గంటలో ఒక మాట తేలాలి. అది తేల్చాల్సింది నేనని ఆయనకి తెలియదు, నాకు కూడా షోరూము గడప దాటేదాకా తెలియదు. పొద్దున అక్కడ ఒక అమ్మాయి, మెడలో తాడు, తాడుకి కార్డు, కార్డు మీద నవ్వుతున్న ఫొటో, ఫొటో కన్నా ఎక్కువ నవ్వుతున్న మొహం, మా ఇద్దరి లైసెన్సులూ అడిగి తీసుకుంది. నడిపి చూడటానికి బండి బయటికి ఇచ్చేటప్పుడు ఎక్కేవాళ్లందరివీ కాపీలు తీసుకోవడం వాళ్ల పద్ధతట. రెండూ పక్కపక్కన పెట్టుకుని, "ఇన్సూరెన్సులో రాయాలి సార్, కారు ఎంతమంది నడుపుతారు?" అంది. మా ఆయన తలెత్తకుండానే, "ఒక్కరే," అన్నారు. ఆ అమ్మాయి నా లైసెన్సు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "సరే సార్, మధ్యాహ్నంలోపు ఫోన్ చేసి ఖాయం చేసుకుంటాను. ఆ తర్వాత మార్చాలంటే మళ్లీ మొదటికొస్తుంది," అంది. అడగాల్సిన మనిషిని అడగకుండా, వినాల్సిన మనిషికి వినపడేలా చెప్పడం ఒక కళ. ఆ అమ్మాయి పైకొస్తుంది.

ఆయన తలెందుకు ఎత్తలేదంటే, అప్పుడు ఆయన చెవి ఖాళీగా లేదు. చేతిలో మూరెడు పొడవు స్క్రూడ్రైవరు, దాని మొన కారు ముందు భాగంలో ఎక్కడో ఆనించి, పిడి చెవికి అదిమిపెట్టుకుని, కళ్లు మూసుకుని వింటున్నారు. లిఫ్టు మోటార్లని అలాగే వింటారు. ఏ బేరింగు అరిగింది, ఏ గొలుసుకి నూనె ఆరింది, తలుపు చక్రంలో ఇసుక ఎక్కడ పడింది, అన్నీ ఆ పిడిలోంచి ఆయన చెవికి వస్తాయి. అపార్ట్‌మెంట్ల వాళ్లు ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తారు. ఆయన కాదనరు. షోరూములో అందరూ ముక్కున వేలేసుకుని చూస్తుండగా చాలాసేపు విని, కళ్లు తెరిచి, "ఏం లేదే," అన్నారు. లోపం ఏం లేదని కాదు, వినడానికే ఏం లేదని. ముందు మూత ఎత్తమన్నారు. ఎత్తితే ఇంజన్ ఉండాల్సిన చోట ఖాళీ, ఒక ప్లాస్టిక్ తొట్టె. "సామాను పెట్టుకోవచ్చు సార్," అంది అమ్మాయి. ఇల్లు దోచేశాక తలుపు తీసి చూసుకుంటున్న మనిషిలా నిలబడిపోయారు. నాకు మాత్రం ఆ ఖాళీ భలే నచ్చింది. నడిపించేదేదో కళ్లకి కనపడకుండా, చెవులకి వినపడకుండా, ఇంకెక్కడో నేలకి దగ్గరగా పరుచుకుని ఉందట. ఆ పనితీరు ఎక్కడో చూసినట్టే అనిపించింది. మా వంటింట్లో అయ్యుండొచ్చు.

"లిఫ్టు నడిచేదీ కరెంటుతోనేగా?" అని అడిగాను ఆయన్ని, దారిలో. జీవితమంతా కరెంటు మోటార్ల మధ్య బతికిన మనిషి కరెంటు కారంటే అంత అనుమానం ఎందుకు పడాలన్నది నా కుతూహలం. "లిఫ్టుకి తీగ ఉంటదే. ఎటూ పోదు, పైకీ కిందకీ తప్ప," అన్నారు. నిజమే, ఎటూ పోని వాటి మీద నమ్మకం కుదరడం తేలిక.

కొనమని ఎక్కించింది మా తమ్ముడు. వాడిది లెక్కలు రాసే ఉద్యోగం. మాట్లాడితే వాక్యం చివర చుక్కకి బదులు శాతం గుర్తు పెడుతున్నట్టుంటుంది. మా ఆయన సొంతంగా కాంట్రాక్టు పనులు చేసుకునే మనిషి, ఒక్కడే మేస్త్రీ, ఒక్కడే కూలీ. అయినా కాగితాల మీద మాదొక కంపెనీ. అది పెట్టించిందీ వాడే. "ఇద్దరుంటే మంచిది బావా, ఒక్కడివే అయితే పనికి పిలిచేవాళ్లు చిన్నచూపు చూస్తారు," అన్నాడప్పుడు. రెండో మనిషి కోసం మా ఆయన వంటిల్లంతా కలయజూశారు. పొయ్యి, ఫ్రిజ్, నేను. అలా నేను డైరెక్టర్నయ్యాను. ఏడాదికోసారి మా కంపెనీ సమావేశం జరిగినట్టు రాసుకోవాలి. సమావేశం జరిగే చోటు సింకుకీ బల్లకీ మధ్య. మా తమ్ముడు ముందుగానే అంతా రాసుకొస్తాడు, సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు అని. నేను చెయ్యి తుడుచుకుని, తడి అంటకుండా చూపుడువేలూ బొటనవేలూ మాత్రం వాడి సంతకం చేస్తాను. ఒక్క ఏడాదైనా "చర్చ జరిగింది" అని రాయించాలని నాకు ఎప్పటినుంచో చిన్న కోరిక. ఒకసారి అడిగాను కూడా. "దేని మీద అక్కా?" అన్నాడు వాడు, నిజంగానే అర్థంకాక. ఆ టైములో నాకూ ఏమీ తోచలేదు. గిన్నె మాడుతోంది.

మొన్నటి సమావేశంలో మాత్రం కాస్త కదలిక వచ్చింది. మా పాత డీజిలు వ్యాను చివరి దశలో ఉంది, అది తెలిసిన విషయమే. "డీజిలు బండి కొంటే ఒకలా, కరెంటు బండి కంపెనీ పేరు మీద కొంటే ఒకలా బావా. పన్ను దగ్గర చాలా తేడా వస్తది. కాకపోతే కంపెనీ కారు కంపెనీదే. సొంతానికి ఎవరు వాడుకుంటారన్నది కూడా చెప్పుకోవాలి," అన్నాడు. "సొంతానికెవరు వాడతార్రా, నాకు పని తప్ప ఇంకేం ఉంది?" అన్నారు ఆయన. "కంపెనీలో ఉన్నవాళ్లు ఎవరైనా వాడొచ్చు, రాసుకుంటే చాలు," అన్నాడు వాడు గాలిలోకి. కంపెనీలో ఉన్నవాళ్లు ఎవరైనా. ఆ మాట గరిటె జారినట్టు ఠంగుమని పడింది నాకు. వాళ్లిద్దరికీ వినపడలేదు. అప్పటికే బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందన్న దాంట్లో పడ్డారు.

వ్యాను పోతే నాకు వచ్చే అసలు నష్టం గురించి ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పేదాన్ని కాదు. దాని ఇంజన్లో ఒక బెల్టు ఉంది. ఏ ఊరి డాక్టరుగారికీ లొంగని కీచు దానిది. మలుపులోకి రాగానే అరుస్తుంది. అక్కడినుంచి మా గేటు దాకా రావడానికి పట్టే కాస్త వ్యవధే నా సంసారానికి మూలస్తంభం. మధ్యాహ్నం పనులయ్యాక నేను నేల మీద పడుకుని, కాళ్లు రెండూ గోడకి ఆనించి, పొట్ట మీద హత్యల పుస్తకం పెట్టుకుని చదువుతాను. హంతకుడు దొరకబోయే చోట కీచు వినపడుతుంది. పుస్తకం బియ్యం డబ్బా వెనక్కి, నేను సింకు ముందుకి, కుళాయి ధారగా. ఆయన లోపలికొచ్చేసరికి మోచేతుల దాకా నురగ. "ఒక్క క్షణం కూర్చోవు కదే నువ్వు," అంటారు జాలిగా, ప్రతిసారీ. ఈ పేరంతా ఒక అరిగిన బెల్టు మీద కట్టింది. రేపు ఈ కారు వస్తే, చప్పుడు లేకుండా, దేవుడు ప్రత్యక్షమైనట్టు, గోడ మీద నా కాళ్ల మధ్యలోంచి ఆయన మొహం కనపడుతుంది. అదెలా ఉంటుందో అని కూడా చూడాలని ఉంది. ఎవరు ముందు మాట్లాడతారో.

అద్దంలోంచి ఎదురు బిల్డింగు కనపడుతోంది. గచ్చురంగు పొడుగు బిల్డింగు, బాల్కనీల్లో బట్టలు, ఒక బాల్కనీలో వ్యాయామం చేసే సైకిలు మీద ఆరేసిన దుప్పటి. దీని పక్కది కూడా తెలుసు నాకు, దాని వెనకది కూడా. ఈ ఊళ్లో లిఫ్టున్న ప్రతి బిల్డింగూ నాకు తెలుసు, ఎందుకంటే మేం ఎటు వెళ్లినా దారిలో ఒక పని ఉంటుంది, మా వ్యాను వెళ్లేది లిఫ్టులున్న చోటికే. పొడుగ్గా ఉన్న ఊరు నాకు కొట్టినపిండి. పొట్టిగా ఉన్న ఊరు ఎలా ఉంటుందో తెలియదు. మా మేడ మీద బట్టలారేసే చోటు నుంచి చూస్తే, నీళ్ల ట్యాంకు దాటాక ఒక రోడ్డు ఎడమకి వంగి ఒక గుట్ట వెనక్కి పోతుంది. బస్సులు దాని వెనక్కి వెళ్తాయి, కాసేపటికి ఖాళీగా తిరిగొస్తాయి. జనాన్ని అక్కడేం చేస్తున్నాయో మరి. "ఆ గుట్ట వెనకాల ఏముందండీ?" అని ఒకసారి అడిగితే, "అటు లిఫ్టులేం లేవే," అన్నారు. అంటే ఏమీ లేదని. బట్టలారేసిన ప్రతిసారీ చూస్తాను. క్లిప్పు నోట్లో పెట్టుకుని చూస్తాను. మా అమ్మాయి హాస్టలు నుంచి వచ్చినప్పుడు నా పక్కన నిలబడి, "ఏం చూస్తున్నావమ్మా?" అంటే, "బస్సు," అంటాను. అది నా నుదుటి మీద చెయ్యేసి చూస్తుంది.

స్టీరింగు లేని వైపు కూర్చోవడంలో నాకున్నంత అనుభవం ఎవరికీ ఉండదు. అక్కడినుంచి కూడా నడపొచ్చు, మెత్తగా. ముందు ఆటో ఆగితే కాలు గట్టిగా అదుముతాను, లేని బ్రేకు మీద. ఆయన ఆపారంటే అది నా కాలి వల్లే. ఇలా ఊరంతా నేనే నడిపాను, ఎవరికీ తెలియకుండా. లైసెన్సు మాత్రం నిజంగానే ఉంది, కాలేజీ రోజుల్లో తీసుకున్నది. డ్రైవింగు స్కూలాయన నోట్లో ఎప్పుడూ లవంగం, ఆయన కాళ్ల కింద ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్చు. నేను నడుపుతున్నానా, ఆయన నడుపుతుంటే నేను చక్రం పట్టుకున్నానా అన్న అనుమానం నాకు ఈరోజు దాకా తీరలేదు. గడువు ముగిసిన ప్రతిసారీ వెళ్లి కొత్తది చేయించుకొస్తాను. ఫొటోలు మారుతున్నాయి, మొహంలో మాత్రం అదే చూపు, ఎవరో ఇప్పుడే తాళాలిస్తారన్నట్టు. పెళ్లయిన కొత్తలో ఇచ్చారు కూడా, ఆయనే, సరదాకి. ఖాళీ మైదానం. వ్యాను కదిలింది. రెండో గేరు బాగానే పడింది. మూడోది వేయబోతే గర్రుమంది, మళ్లీ గర్రుమంది. ఆయన కళ్లు మూసుకుని, ఎవరికో దెబ్బ తగిలినట్టు మొహం పెట్టి, "ఏడుస్తోందే. ఆపు, ఆపు. గేరు ఏడుస్తోంది," అన్నారు. కోప్పడనైనా లేదు. నన్ను దింపి, గేరు కర్రని నెమ్మదిగా తట్టారు. "ఇది మొండిది. నా చేతికి తప్ప వినదు," అన్నారు. ఏడిపించిందాన్ని నేనే కాబట్టి ఇటువైపు వచ్చి కూర్చున్నాను. ఆ కూర్చోవడం ఇదిగో, ఇక్కడిదాకా వచ్చింది. ఆ మూడో గేరు ఎప్పటికీ మొండిదే. మెకానిక్కులు మారారు, గేరుపెట్టె ఒకసారి మొత్తం మారింది కూడా. నా చెయ్యి వెయ్యకూడదన్న సంగతి మాత్రం మారలేదు.

అయితే ఈ కారుకి గేర్లే లేవు.

ఈ సంగతి పొద్దున షోరూము అమ్మాయి చెప్పగానే నేను ఆయన వైపు చూశాను. ఆయనకి తట్టలేదు. ఖాళీ తొట్టె ముందు సంతాపంలో ఉన్నారు. గేర్లు లేవు, క్లచ్చు లేదు. నేను మళ్లీ అడిగాను, ఆ అమ్మాయి మళ్లీ చెప్పింది. మూడోసారి అడుగుదామనుకుని బాగుండదని ఊరుకున్నాను. ఏళ్లకేళ్లు ఒక తలుపుకి గొళ్లెం ఉందనుకుంటూ పక్కనుంచి నడిచి, ఒకరోజు చూస్తే గొళ్లెం కాదు కదా, తలుపే లేదు. లోపలికి వెళ్లొచ్చు. వెళ్లాలని ఉందా అన్నది వేరే ప్రశ్న, ఆ ప్రశ్న ఇన్నాళ్లూ గొళ్లెం చాటున హాయిగా పడుకుంది. దాన్ని లేపింది ఎవరు? నాకు నిజంగా నడపాలని ఉందా, లేక నడపనివ్వలేదన్న చిన్న ఫిర్యాదుని ఉయ్యాల్లో వేసి ఊపడమే బాగుందా? ఫిర్యాదు అలవాటైన వస్తువు, మెత్తగా ఉంటుంది. మూతలేని డబ్బాలా ఎక్కడైనా పనికొస్తుంది. మా తోడికోడలితో మాట్లాడేటప్పుడు అదే లేకపోతే సగం సాయంత్రాలు గడవవు.

చూస్తే తప్పేముంది. చూడటానికే. దిగి, బండి ముందునుంచి చుట్టూ తిరిగి, అటువైపు తలుపు తీసి కూర్చున్నాను. మోకాళ్లు ఎక్కడో ఉన్నాయి, పెడళ్లు ఇంకెక్కడో. సీటు పక్కన బొడిపె నొక్కితే సీటు తనంతట తనే, మర్యాదస్తుడిలా, ముందుకి జరిగింది. ఇంకొంచెం. ఆయన పొడుగు పోయి నా పొడుగు వచ్చింది. పైన అద్దం సర్దితే అందులో నేను. లైసెన్సు ఫొటోలో చూపే. చక్రం మీద చేతులు పెట్టాను, లవంగమాయన చెప్పినట్టు గడియారంలో పదీ రెండూ ఉండే చోట. తోలు చల్లగా ఉంది. ఆయన చెప్పిన గంట అప్పుడే అయిపోయినట్టుంది, ఎదురుగా తెర మీద ఆకుపచ్చ గీత నిండిపోయి, ఏవో అక్షరాలు పడి, ఒక చిన్న గంట మోగింది. నేను ఏమీ ముట్టుకోలేదని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

అద్దం మీద టకటకమని కొట్టారు ఎవరో. నీలం చొక్కా యూనిఫాం వేసుకున్న ఆవిడ, నా వయసే ఉంటుంది, వెనక ఆమె కారు, ఇదే తెలుపు, ఇదే రకం. అద్దం దించడం ఎలాగో వెతుక్కుంటుంటే ఆవిడే బయట నుంచి వేలితో చూపించింది.

"మీది నిండిపోయిందండీ. కాస్త పక్కకి తీస్తారా? నాదింక కొనప్రాణంతో ఉంది. ఇంకా ఇద్దరు మోకాళ్లవాళ్లు నా కోసం చూస్తున్నారు."

మోకాళ్లవాళ్లంటే మోకాలి ఆపరేషన్లయినవాళ్లు. ఇల్లిల్లూ తిరిగి వాళ్లకి కాళ్లు ఆడించడం నేర్పుతుందట. ఆవిడదీ సొంత పనే, ఆవిడదీ కంపెనీ కారే. రెండు ముక్కల్లో అంతా చెప్పేసింది, తీగ ఊడదీస్తూనే. నేను మా ఆయనకి ఫోన్ చేశాను. అందలేదు. లిఫ్టు గొయ్యిలోకి దిగితే ఆయనకి సిగ్నలు రాదు. అక్కడ ఆయనకుండే ఆనందానికి అది కూడా ఒక కారణం కావచ్చు.

"మా ఆయన ఎదురు బిల్డింగులో ఉన్నారండీ. వచ్చేస్తారు," అన్నాను.

"అయ్యో. ఎంతసేపట్లో?"

"లిఫ్టు బాగయ్యేదాకా."

ఆవిడ బిల్డింగు వైపు చూసింది. నా వైపు చూసింది. చక్రం మీద పదీ రెండూ దగ్గరున్న నా చేతుల్ని చూసింది. "పోనీ, దిగండి, నేను తీసి అక్కడ పెడతాను. రెండు నిమిషాల పని. నాకు ఇది అలవాటే," అంది, మంచిగానే. చెయ్యి తలుపు మీద వేసింది. నేను దిగడానికి కాలు కదిపాను. ఆ కాలు నాది కాదు, అలవాటుది, ఎవరు దిగమన్నా దిగుతుంది. సగం బయట పెట్టి ఆగాను. ఇంతకాలం దింపిన మనిషి ఒక్కరే కాబట్టి నింద ఆయన మీద వేసేదాన్ని. ఇప్పుడు దిగితే ఈవిడ మీద ఏమని వెయ్యను. ఈవిడకి ఏ గేరూ ఏడవలేదు.

"వద్దండీ. నేనే తీస్తాను. కాకపోతే ఎలాగో చెప్పండి," అన్నాను.

ఆవిడ నవ్వలేదు. అందుకు ఆవిడకి ఈ జన్మంతా రుణపడి ఉంటాను. కిటికీలోకి వంగి, "బ్రేకు మీద కాలు. ఆ. ఈ మీట కిందకి. అంతే. ఇప్పుడు కాలు మెల్లగా వదలండి, దానంతటదే పోద్ది. నేనూ మొదట్లో చప్పుడు రాలేదని స్టార్టు బటను నొక్కుతూ కూర్చున్నాలెండి. పెద్ద విద్యేం కాదండీ ఇది. మనకి చెప్పరంతే," అంది.

వదిలాను. కదిలింది. నా కింద నేల జరిగినట్టు, ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా. నా చెవులు మూడో గేరు కోసం చూస్తున్నాయి, ఒళ్లంతా బిగబట్టుకుని, ఇప్పుడు గర్రుమంటుంది, ఇప్పుడు, ఇప్పుడు. అనదు. అనడానికి లేదు. ఎదురుగా బండి నిలుపుకునే ఖాళీ గడి ఉంది, పెట్టేసి దిగిపోవచ్చు. గడి దగ్గరికొచ్చింది. పక్కనుంచి పోయింది. నేనే పోనిచ్చానని తర్వాత తెలిసింది. రోడ్డు మధ్యలో గట్టు ఉంది, ఎదురు బిల్డింగు గేటుకి పోవాలంటే చుట్టు తిరిగి రావాలి. మరి ఆయన్ని ఎక్కించుకోవద్దూ. కుడికి, మళ్లీ కుడికి, ఒక మందులషాపు, ఒక తాళాలవాడి బడ్డీ, ఒక కుక్క నా వైపు చూసి లేవలేదు, దానికీ వినపడలేదు. ఇన్నాళ్లూ పక్క కిటికీలోంచి జారిపోతూ చూసిన వీధి ఇప్పుడు ఎదురొస్తోంది. ముందుకి వెళ్తే వీధి పెద్దదవుతుంది, ఈ సంగతి నాకెందుకు కొత్తగా ఉంది. వెనక ఎవడో హారను కొట్టాడు. కొట్టుకోనీ. లవంగమాయన కాళ్లు ఇక్కడ లేవు. ఈ బ్రేకు నాదే, నొక్కి చూశాను. ఆగింది. నిజంగా ఆగింది. లేని బ్రేకు మీద ఇన్నేళ్లు సాధన చేసిన కాలు ఇది, ఎందుకు ఆగదు.

గేటు దగ్గరికి వచ్చేసరికి మా ఆయన కనపడ్డారు, అవతలి వైపు. అప్పటికే గట్టు దాటి వెనక్కి వెళ్లిపోయి, తీగ గుచ్చిన తెల్ల కారు మాదే అనుకుని దాని పక్కన నిలబడ్డారు. చేతుల నిండా గ్రీజు. వంగి స్టీరింగు లేని వైపు కిటికీలోంచి లోపలికి చూస్తున్నారు. ఖాళీ. వెనక సీట్లో మోకాళ్లకి కట్టే పట్టీలు, ఒక పెద్ద రంగు బంతి. ఆ బంతిని చూసి ఆయన మొహంలో కలిగిన ఆలోచన ఏమిటో నాకు ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంది. మళ్లీ చుట్టు తిరిగి, రెండోసారి కాబట్టి ఇంకాస్త ధీమాగా, ఆయన పక్కకి వచ్చి ఆపాను. చీమ చిటుక్కుమన్నా ఏ అంతస్తులోనో చెప్పే మనిషి వీపు వెనక, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా. తెలియలేదు ఆయనకి.

"ఏమండీ," అన్నాను.

ఉలిక్కిపడ్డారు. నన్ను చూశారు, కారుని చూశారు, ఇంకో కారుని చూశారు. "ఇదెవరిది?" అన్నారు బంతి కారుని చూపించి.

"మోకాళ్లావిడది."

అర్థమైనట్టు తలూపారు, అర్థంకానప్పుడు ఊపినట్టే. తర్వాత నడిచి నా వైపు తలుపు దగ్గరికి వచ్చి, తీసి, నిలబడ్డారు. ఏం కోప్పడలేదు. ఎప్పుడూ నిలబడేలాగే నిలబడ్డారు. "జరుగు," అన్నారు.

"ఎక్కడికండీ?"

ఆయన సీటు వైపు చూశారు. బెంచీ కాదుగా, జరగడానికి. "అటు కూర్చోండి," అన్నాను. "హాయిగా. ఏమీ ముట్టుకోకండి, చేతికి గ్రీజు ఉంది."

కాసేపు నా మొహంలోకి చూశారు, స్క్రూడ్రైవరు లేకుండానే ఏదో వినడానికి చూస్తున్నట్టు. తర్వాత చుట్టు తిరిగి వెళ్లి, సంచి వెనక పడేసి, స్టీరింగు లేని వైపు ఎక్కారు. మోకాళ్లు ముందు పెట్టెకి తగిలాయి, అక్కడ నా పొడుగుకి సర్ది ఉంది. సీటు బెల్టు ఎటువైపు ఉంటుందో తెలియక తప్పు భుజం మీద తడుముకున్నారు. అప్పుడు మోగింది ఆయన ఫోను. గ్రీజు వేళ్లతో ఎత్తలేక మోచేత్తో స్పీకరు పెట్టారు. షోరూము అమ్మాయి గొంతు కారంతా నిండింది. "సార్, కాగితాలు పంపించేస్తున్నాను. ఒక్కరే అని రాసేయనా?"

ఆయన నోరు తెరిచారు. నేను రోడ్డు వైపు చూస్తున్నాను. పదీ రెండూ. సంతకం పెట్టాల్సింది ఇద్దరమని ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరికీ ఒకేసారి తెలియడం మాత్రం ఇదే మొదలు. "మన సమావేశాల్లో ఎప్పుడూ చర్చ జరగలేదండీ," అన్నాను, రోడ్డుకే చెప్పినట్టు.

ఆయన ఫోను వైపు వంగి, "ఒక్క నిమిషం అమ్మా," అన్నారు. "మీటింగులో ఉన్నాం."

కాలు వదిలాను. మందులషాపు దాటాం, తాళాలవాడిని దాటాం, గేటు దాటాం. ఆయన గ్రీజు చేతిని ముందు పెట్టె మీద ఆనించి, అది పాడవుతుందని నేను అనలేదు, కళ్లు మూసుకుని వింటున్నారు. మైదానంలో మూసుకున్నట్టే. దెబ్బ ఎప్పుడు తగులుతుందా అని ముందే ముడుచుకున్న మొహం. వేగం పెంచాను. మళ్లీ తగ్గించాను. సిగ్నలు దగ్గర ఆపి, మళ్లీ కదిలించాను.

"ఏమైనా ఏడుస్తోందా?" అన్నాను.

చాలాసేపు విన్నారు. మొహం ఒక్కో మడతే విప్పుకుంటూ వచ్చింది. "లేదు," అన్నారు చివరికి. ఏ లోపమూ దొరకని లిఫ్టు దగ్గరినుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చే రోజు ఆయన గొంతు అలాగే ఉంటుంది, కొంచెం చిన్నబుచ్చుకుని, కొంచెం ఆశ్చర్యంగా. తర్వాత ఇంకా తెరిచే ఉన్న ఫోనులోకి, "ఇద్దరమ్మా. ఇద్దరని రాయండి," అన్నారు. "రెండోవాళ్ల పేరు సార్?" అంది ఆ అమ్మాయి. నా లైసెన్సు కాపీ తన దగ్గరే ఉంది. అయినా ఆయన నోట చెప్పించుకుంది. చెప్పాను కదా, పైకొస్తుంది.

నీళ్ల ట్యాంకు వచ్చింది. షోరూముకి పోవాలంటే కుడికి తిరగాలి. నేను ఎడమకి తిప్పాను, బస్సు వెనకాలే, నెమ్మదిగా. ఆయన వెనక్కి చూశారు, ముందుకి చూశారు. ఇటు ఎప్పుడూ రాలేదు కాబట్టి కాస్త ముందుకి వంగి, అద్దానికి దగ్గరగా కూర్చున్నారు. పక్క సీట్లో కూర్చుంటే ఎవరైనా అలాగే కూర్చుంటారు, నాకు తెలుసు. ఆయన కుడికాలు నేలని గట్టిగా అదుముతోంది.

"ఇటేముందే?" అన్నారు.

"తెలీదండీ," అన్నాను. గుట్ట పక్కకి జరగడం మొదలుపెట్టింది.